చావు కబురు కింద నవ్వు బొమ్మ: తప్పు ఎమోజీ వెళ్ళిపోతే ఏ యాప్‌లో ఎంత గడువు, ఏం చెయ్యాలి?

గోరింట_పొద

కుటుంబ గ్రూపులో తెల్లవారుజామున మెసేజ్ పడుతుంది: "తాతగారు రాత్రి కాలం చేశారు." కింద వరసగా 🙏లు, ఓం శాంతిలు. ఎనిమిదో తొమ్మిదో వరసలో ఒక 😂. పెట్టింది డెబ్భై దాటిన అత్తయ్యగారు. ఆవిడ లెక్కలో అది కన్నీరుమున్నీరైన మొహం. గ్రూపంతా చూస్తుంది, ఒక్కరూ నోరెత్తరు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో వెతికితే దొరికేదాంట్లో సగం పాత సమాచారమే. "7 నిమిషాల్లో డిలీట్ చెయ్యాలి, దాటితే ఇక అంతే" అని ఇప్పటికీ ఫార్వర్డులు తిరుగుతున్నాయి. అందుకే ఈ థ్రెడ్. ఏ యాప్‌లో ఎంత గడువుంది, వేలు ఎక్కడ జారుతుంది, ఏ బొమ్మని జనం ఏదనుకుంటున్నారు, దిద్దుకున్నాక ఏమనాలి... తెలిసినవాళ్ళు తెలిసినంత రాయండి. "మా ఇంట్లో ఏమైందంటే" కథలు మాత్రం ఇక్కడ వద్దు, వాటికి వేరే థ్రెడ్ ఉంది.

రెండు_టిక్కులు

వాట్సాప్ వరకు నేను రాస్తాను.

ఆ 7 నిమిషాల లెక్క 2017 నవంబరు నాటిది. "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" అప్పుడే వచ్చింది. 2018లో గడువు గంట పైకి పెరిగింది (1 గంట 8 నిమిషాల 16 సెకన్లు, ఆ 16 ఎందుకో వాళ్ళకే తెలియాలి). 2022 ఆగస్టు నుంచి సుమారు 2 రోజుల 12 గంటలు. అంటే శుక్రవారం రాత్రి 8కి పంపినదాన్ని సోమవారం పొద్దున్నే కూడా అందరి దగ్గరా తీసెయ్యొచ్చు. కాబట్టి కంగారు పడక్కర్లేదు. అసలు నష్టం కంగారులోనే జరుగుతుంది: "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" బదులు దాని పక్కనున్న "డిలీట్ ఫర్ మీ" నొక్కేస్తారు. అప్పుడు మీ ఫోన్‌లో మాత్రం పోతుంది, మిగతా అందరికీ నిక్షేపంలా ఉంటుంది, మీకు మాత్రం దాన్ని పట్టుకుని తీసే వీలుండదు. దీనికోసమే 2022 డిసెంబరులో "అన్‌డూ" ఇచ్చారు. డిలీట్ ఫర్ మీ నొక్కగానే తెర కింద 5 సెకన్లు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మెసేజ్ తిరిగొస్తుంది, అప్పుడు సరైనది నొక్కొచ్చు. ఆ 5 సెకన్లూ దాటాక మీ చేతిలో ఏమీ లేదు. గ్రూప్ అడ్మిన్‌కి ఫోన్ చెయ్యండి. అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ తీసెయ్యగలరు. కాకపోతే "అడ్మిన్ తొలగించారు" అని అక్కడ పడుతుంది.

ఇంకో దారి ఎడిట్. 2023 మే నుంచి ఉంది, పంపిన 15 నిమిషాల్లోపు. మెసేజ్‌ని నొక్కిపట్టి, పైన మూడు చుక్కలు, ఎడిట్. ఐఫోన్‌లో నొక్కిపడితే వచ్చే పట్టీలోనే ఎడిట్ ఉంటుంది. కీబోర్డు నుంచి పెట్టిన ఎమోజీ కూడా అక్షరం కిందే లెక్క, కాబట్టి 😂 ఒక్కటే పంపినా దాన్ని చెరిపి 🙏 పెట్టొచ్చు. స్టిక్కర్‌కి ఈ వెసులుబాటు లేదు. అది బొమ్మ ఫైలు, డిలీట్ ఒక్కటే దారి.

సిద్దిపేట_సిల్కు

అన్నా, ఎడిట్ చేస్తే పక్కన "ఎడిటెడ్" అని పడ్తది కదా. అది చూసి మంది "ఏం మార్చిండు" అని ఇంకింత ఆరా తీస్తరు. దానికన్నా డిలీట్ కొట్టి ఊకుంటే మంచిది కాదా?

రెండు_టిక్కులు

రెండిట్లో ఎడిటే మేలు. డిలీట్ చేస్తే "ఈ మెసేజ్ తొలగించబడింది" అని ఒక మచ్చ మీ పేరు మీద అలాగే ఉండిపోతుంది. చావు కబురు కింద ఆ మచ్చ చూస్తే, అసలు బొమ్మ చూడనివాళ్ళు కూడా "ఏం పెట్టి తీసేశాడో" అనుకుంటారు. ఎడిట్ చేస్తే చిన్న అక్షరాల్లో ఆ ఒక్క మాటే. పాత రూపం ఏమిటో వాట్సాప్ ఎవరికీ చూపించదు, ఎడిట్ చేసినట్టు కొత్తగా నోటిఫికేషన్ కూడా పంపదు. అక్షరదోషాలకి అందరూ వాడేదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ముందు ఒక పని చెయ్యండి. గ్రూపులో మీ మెసేజ్‌ని నొక్కిపట్టి "ఇన్ఫో" చూడండి. ఎవరెవరు చదివారో, ఎవరికి అందిందో రెండు పట్టికలు వస్తాయి. చదివినవాళ్ళలో ఆ ఇంటివాళ్ళు లేకపోతే గుట్టుగా ఎడిట్ చేసి ఊరుకోవచ్చు. ఉంటే కింద ఎవరో ఒకరు క్షమాపణ సంగతి రాస్తారు, అది చూడండి.

డిలీట్ చేస్తే పూర్తిగా పోయిందని మాత్రం అనుకోకండి. ఆండ్రాయిడ్ 11 నుంచి "నోటిఫికేషన్ హిస్టరీ" అని ఒక సెట్టింగు ఉంది. అవతలివాళ్ళు దాన్ని ఆన్ చేసి ఉంటే గత 24 గంటల నోటిఫికేషన్లు అక్కడ పడి ఉంటాయి, మీరు తీసేసినవి కూడా.

మెత్తటి_వేలు

నేను కీబోర్డు వైపు నుంచి వస్తాను. గోరింట_పొద గారు చెప్పిన 😂 ఎలా పడిందో తెలిస్తేనే మందు తెలుస్తుంది.

రియాక్షన్ పట్టీని దగ్గరగా చూడండి. మెసేజ్‌ని నొక్కిపడితే వచ్చే ఆరు బొమ్మల వరస, ఎడమ నుంచి: 👍 ❤️ 😂 😮 😢 🙏, చివర ప్లస్ గుర్తు. 😢 పెట్టబోయి వేలు జారితే పక్కనున్న 😮 మీద పడుతుంది, లేదా 🙏 మీద. చావు కబురుకి ఆ రెండూ పరవాలేదు. 😂 మీద పడాలంటే వేలు రెండు గళ్ళు దాటాలి, అది అరుదు. కాబట్టి రియాక్షన్‌గా 😂 పడిందంటే చాలావరకు జారింది వేలు కాదు, అర్థం. అది నవ్వు బొమ్మ అని వాళ్ళకి తెలీదు. 🙏 పెట్టాలనుకుని ప్లస్ నొక్కేసినా నష్టం లేదు, ఇంకో బొమ్మ ఎంచుకుంటే తప్ప ఏమీ వెళ్ళదు.

మెసేజ్‌గా టైప్ చేసే ఎమోజీ సంగతి వేరు. ఎమోజీ పలక తెరవగానే ముందు కనిపించేది ఇటీవల వాడినవి. అక్కడ బొమ్మలకి స్థిరమైన చోటు ఉండదు, వాడకాన్నిబట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. నిన్న 🙏 ఉన్నచోట ఇవాళ 🤣 ఉంటుంది. చూపు కంటే వేలికి ఆ చోటు అలవాటైపోయి ఉంటుంది, నొక్కేస్తుంది. సరదా గ్రూపుల్లో వాడినవీ సంతాపానికి వాడేవీ అదే పలకలో భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి మరి. ఇక్కడ పడే 😂 నిజంగా వేలు జారిందే.

ఇంకో చిక్కు: ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ సొంత ఎమోజీ పలక వేరు, గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డ్‌లో ఉండే పలక వేరు. రెండింటి "ఇటీవల" జాబితాలూ వేరు. ఒక్కోసారి అదీ, ఒక్కోసారి ఇదీ తెరిస్తే చెయ్యి తడబడక ఏం చేస్తుంది? ఏదో ఒకదానికే అలవాటు పడండి.

గోరింట_పొద

రియాక్షన్ తీసెయ్యాలంటే? దానికీ గడువు ఉందా?

రెండు_టిక్కులు

గడువంటూ లేదు. ఎన్నాళ్ళ తర్వాతైనా మెసేజ్ కింద ఉన్న మీ రియాక్షన్‌ని తాకి, వచ్చే జాబితాలో మీ పేరు మీద నొక్కితే పోతుంది. అంతకన్నా నయం: తీసెయ్యకుండా నేరుగా మళ్ళీ నొక్కిపట్టి 🙏 ఎంచుకోండి. ఒక మనిషికి ఒక మెసేజ్ మీద ఒక రియాక్షనే కాబట్టి 😂 తొలగి 🙏 వచ్చి కూర్చుంటుంది. మచ్చ ఉండదు, "ఎడిటెడ్" ఉండదు.

గ్రూపులో రియాక్షన్ నోటిఫికేషన్ వెళ్ళేది ఆ మెసేజ్ రాసినవాళ్ళకి ఒక్కళ్ళకే. మిగతావాళ్ళు చాట్ తెరిస్తేనే చూస్తారు. ఊరట అనుకుంటారేమో, కానీ చావు కబురు పెట్టింది ఆ ఇంటి మనిషే కదా. చూడకూడని ఒక్కరికే కబురు అందుతుంది.

కాకినాడ_కాజా

మెత్తటి_వేలు గారు చెప్పిన "అర్థం జారడం" గురించి నాలుగు ముక్కలండి.

పెద్దవాళ్ళు బొమ్మలో ముందు చూసేది నీటిచుక్క. నీళ్ళుంటే ఏడుపు అని తీర్మానం. ఎవరికైనా నేర్పాలంటే "నీళ్ళు చూడకండి, నోరు చూడండి" అని చెప్పండి చాలు. నోటి కొసలు పైకి ఉంటే నవ్వు, కిందకి ఉంటే ఏడుపు. దాదాపు అన్నిటికీ సరిపోతుంది.

😂 కళ్ళు రెండూ మూసుకుని విల్లులా పైకి వంగి ఉంటాయి, పైపళ్ళు కనిపిస్తాయి, రెండు పక్కలా రెండు చుక్కలు. దీని అధికారిక పేరే ఆనందబాష్పాల మొహం.
😭 రెండు కళ్ళనుంచీ కాలవలు. ఇది అసలైన ఏడుపు. (కుర్రాళ్ళు నవ్వాపుకోలేనప్పుడు కూడా ఇదే పెడుతున్నారు, అది ఇంకో తంటా.)
😢 ఒకటే చుక్క, నోరు కిందకి. సంతాపానికి మొహం బొమ్మే కావాలంటే ఇది నిక్కచ్చి.
😅 నుదుటి మీద చుక్క, నోట్లో నవ్వు. అది చెమట, కన్నీరు కాదు. "హమ్మయ్య, గండం గడిచింది" అన్నట్టు.
😥 నోరు కిందకే ఉంటుంది గానీ చుక్క చెమట. పేరులోనే "విచారం, కానీ ఊరట" అని ఉంది. చావు కబురుకి ఊరటేమిటి చెప్పండి.
😪 దీన్ని ఏడుపనుకునేవాళ్ళు కొల్లలు. ఆ చుక్క కంటిది కాదు, ముక్కుది. నిద్ర మొహం.
🥲 నోట్లో నవ్వు, కంట్లో చుక్క. 2020 తర్వాత ఫోన్లలోకి వచ్చింది. అమ్మాయిని అత్తారింటికి పంపే రోజుకి సరిపోతుంది, దశదిన కర్మకి కాదు.

పాత_నోకియా

కళ్ళజోడు పెట్టుకున్నా ఆ గింజంత బొమ్మలో నోరు పైకి ఉందో కిందకి ఉందో తెలిసి చావదు నాయనా. ఇన్ని రకాలు ఎవడు పెట్టమన్నాడు? ముక్కులోంచి బుడగ వస్తే నిద్ర అని ఏ ఊళ్ళో అంటారు?

కాకినాడ_కాజా

జపాన్‌లో అంటారండి. ఈ బొమ్మల పుట్టిల్లు అదే. 1999లో అక్కడి డొకొమో కంపెనీ మొబైల్ సర్వీసు కోసం 12 చుక్కల వెడల్పు, 12 చుక్కల ఎత్తుతో 176 చిన్న బొమ్మలు గీశారు. తర్వాత 2010లో యూనికోడ్ 6.0 ఈ జాతి బొమ్మల్ని ప్రపంచమంతా వాడే అక్షరాల జాబితాలో చేర్చింది. మొహాల హావభావాలు వాళ్ళ బొమ్మల కథల ఆనవాయితీ ప్రకారం వచ్చాయి. అక్కడ నిద్రపోతున్న పాత్రకి ముక్కు దగ్గర బుడగ గీస్తారు. 😤 కూడా అంతే. ముక్కుల్లోంచి ఆవిరి వస్తుంటే మనకి ఒళ్ళుమండిన కోపం. యూనికోడ్ దానికి పెట్టిన పేరు విజయగర్వం. 🙇 వంగి క్షమాపణ అడిగే మనిషి, మనవాళ్ళకి బల్ల మీద తలవాల్చి నిద్రపోతున్నట్టుంటుంది.

🙏 ఒక్కటే మనకి కలిసొచ్చింది. వాళ్ళకి "దయచేసి", "ధన్యవాదాలు". మనకి నమస్కారం. పుట్టినరోజుకైనా పోయినరోజుకైనా చెల్లుతుంది. సందేహం వస్తే అదే.

కనిపించకపోవడానికి మందు: పంపేముందు టైప్ చేసే పెట్టెలో బొమ్మ చిన్నగానే ఉంటుంది. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, ఫాంట్ సైజ్‌లో "లార్జ్" పెట్టండి. అప్పటికీ తెలియకపోతే ముందు మీకు మీరే పంపుకోండి, మీ నంబరుతోనే చాట్ తెరవచ్చు. ఒకటి నుంచి మూడు ఎమోజీలు ఒంటరిగా పంపితే పెద్దగా కనిపిస్తాయి. నోరు అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

మెత్తటి_వేలు

ఇంకా దారుణమైనది స్టిక్కర్ గురించి ఎవరూ ఎత్తలేదు.

ఎమోజీ నొక్కితే అది టైపింగ్ పెట్టెలో కూర్చుంటుంది, పంపు మీట నొక్కేదాకా ఎక్కడికీ వెళ్ళదు. స్టిక్కర్ అలా కాదు, తాకగానే వెళ్ళిపోతుంది. మధ్యలో ఆపే మెట్టు లేదు. వాట్సాప్ పలకలో ఎమోజీ, జిఫ్, స్టిక్కర్ ట్యాబులు పక్కపక్కనే ఉంటాయి. పోయినసారి స్టిక్కర్ దగ్గర ఆపి ఉంటే ఈసారి తెరవగానే అదే ఎదురొచ్చే అవకాశం ఉంది. 🙏 ఉంటుందనుకున్న చోట డాన్సు చేసే బ్రహ్మానందం ఉంటాడు. తాకారా, వెళ్ళాడు.

జీబోర్డ్‌లో ఇంకో ఉచ్చు. ఒక ఎమోజీ టైప్ చెయ్యగానే పైన దాన్ని వేరే బొమ్మలతో కలిపిన వింత స్టిక్కర్లు వరసగా వస్తాయి. దాని పేరు ఎమోజీ కిచెన్. తెర పైకి జరపబోయి వేలు ఆ వరస మీద పడిందంటే అవీ స్టిక్కర్లే, నేరుగా పోతాయి.

మూసెయ్యడానికి: జీబోర్డ్ సెట్టింగ్స్ తెరిచి ఎమోజీలు, స్టిక్కర్లు, జిఫ్‌లు అన్న విభాగంలోకి వెళ్ళండి. ఎమోజీ కిచెన్‌కీ, అక్షరాల పైన కనిపించే ఎమోజీ వరసకీ, సూచనల్లో వచ్చే ఎమోజీలకీ విడివిడిగా మీటలుంటాయి. వెర్షన్‌ని బట్టి పేర్లు కొంచెం మారతాయి. పెద్దవాళ్ళ ఫోన్‌లో మూడూ ఆపెయ్యండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్‌లో "ప్రెడిక్టివ్" ఆపితే టైప్ చేస్తుండగా ఎదురయ్యే ఎమోజీ సూచనలు పోతాయి.

ఇక వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్‌లో "ఎంటర్ ఈజ్ సెండ్" ఆన్‌లో ఉంటే కొత్త లైన్‌కి వెళ్ళబోయి సగం మెసేజ్ పంపేస్తారు. దాన్నీ ఆపండి.

అట్లాంటా_ఆవకాయ

ఇటువైపు అమెరికాలో సగంమంది ఐమెసేజ్ (ఐఫోన్ల మధ్య నడిచే ఆపిల్ మెసేజ్‌లు) వాడతారు కాబట్టి అది కూడా: పంపినదాన్ని వెనక్కి లాగడానికి 2 నిమిషాలే. ఎడిట్‌కి 15 నిమిషాలు, మొత్తం 5 సార్లు. 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది. జాగ్రత్త ఏమిటంటే ఇక్కడ "ఎడిటెడ్" అన్న మాటని తాకితే పాత రూపాలన్నీ కనిపిస్తాయి. వాట్సాప్ అలవాటుతో ఎడిట్ చేసి దాచేశాననుకుంటే పొరపాటు. 2 నిమిషాల్లోపు ఉంటే "అన్‌డూ సెండ్", అంతే. అవతలివాళ్ళది ఆండ్రాయిడ్ అయి మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్ళి ఉంటే ఏదీ పనిచెయ్యదు.

టెలిగ్రామ్ అన్నిటికన్నా దయగలది. ఇద్దరి మధ్య చాట్‌లో ఎప్పటిదైనా ఇద్దరి దగ్గరా చెరిపెయ్యొచ్చు, 2019 నుంచి ఉంది. మచ్చ కూడా మిగలదు. ఎడిట్‌కి 48 గంటలు. కాకపోతే అక్కడ మెసేజ్ మీద రెండుసార్లు తడితే రియాక్షన్ వెళ్ళిపోతుంది. చదువుతూ చదువుతూ వేలు రెండుసార్లు ఆనుతుంది, తెలీకుండానే 👍 లేదా ❤️. చాట్ సెట్టింగ్స్‌లో "క్విక్ రియాక్షన్" అని ఉంటుంది, అక్కడ 🙏 పెట్టుకుంటే పొరపాటున తగిలినా గౌరవంగానే ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లలోనూ రెండు తట్లు అంటే ❤️. అన్‌సెండ్‌కి గడువు లేదు, ఎడిట్ 15 నిమిషాలు.

ఇంకో సంగతి. మీ ఫోన్‌లో కనిపించిన బొమ్మే అవతల కనిపిస్తుందని లేదు. యూనికోడ్ ఇచ్చేది సంఖ్య, బొమ్మ గీసుకునేది ఎవరి కంపెనీ వాళ్ళు. శాంసంగ్ 2018 దాకా 🙄ని కళ్ళు తిప్పుతూ చిరాకుపడేలా కాకుండా సంతోషంగా పైకి చూస్తున్నట్టు గీసింది. వాట్సాప్ ఆండ్రాయిడ్‌లో సొంత బొమ్మలు వాడుతుంది, ఐఫోన్‌లో ఆపిల్‌వి. అందుకే నోటిఫికేషన్‌లో ఒక మొహం, చాట్ తెరిస్తే ఇంకో మొహం.

పాత ఫోన్లయితే మరీ. నిట్టూర్పు బొమ్మ 😮‍💨 నిజానికి రెండు బొమ్మల్ని కనిపించని ముడితో కలిపినది. ఆ ముడి అర్థంకాని పాత ఫోన్ దాన్ని విప్పేసి 😮 💨 అని విడివిడిగా చూపిస్తుంది. "అలసిపోయాను" అన్నది కాస్తా ఎవరో గాలి వదిలినట్టు తయారవుతుంది. పెద్దల గ్రూపుల్లో కొత్త బొమ్మలు వాడకపోవడానికి ఈ కారణం చాలు.

లాయరు_గారబ్బాయి

నవ్వుకోడానికి బానే ఉంది కానీ, తప్పు బొమ్మ ఉద్యోగం దాకా, డబ్బు దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి.

2018లో రైల్వే రక్షక దళం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పై అధికారి హత్య గురించి మెసేజ్ వచ్చింది. దాని కింద ఒక కానిస్టేబుల్ 👍 పెట్టాడు. హత్యని హర్షించాడని ఉద్యోగం లోంచి తీసేశారు. 2024 మార్చిలో మద్రాసు హైకోర్టు డివిజన్ బెంచ్, ఆ గుర్తుని "చూశాను" అన్నట్టుగానూ తీసుకోవచ్చని చెప్పి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలన్న అంతకు ముందు తీర్పుని నిలబెట్టింది. గెలిచాడు నిజమే, మధ్యలో ఎన్నేళ్ళు పోయాయో లెక్కేసుకోండి.

దీనికి పూర్తిగా ఎదురు కెనడాలోది. 2021లో ఒక ధాన్యం కొనుగోలుదారు అవిసెల ఒప్పందం ఫొటో తీసి రైతుకి పంపి, ఖాయం చెయ్యమన్నాడు. రైతు 👍 కొట్టాడు. సరుకు ఇవ్వలేదు. "అందిందని చెప్పాను, ఒప్పుకున్నానని కాదు" అని వాదించాడు. 2023లో సస్కాచువాన్ కోర్టు ఆ బొటనవేలు సంతకంతో సమానమని తేల్చి సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. 2024లో అప్పీలు కోర్టూ అదే మాట అంది.

కాబట్టి మిర్చి బేరమైనా, ధాన్యం బేరమైనా, ఇంటి అద్దె మాటైనా సరే, ఎవరైనా రేటు, కాగితం పంపితే 👍 పెట్టకండి. "చూశానండి, రేపు చెప్తాను" అని నాలుగు మాటలు టైప్ చెయ్యండి. పొరపాటున పెట్టేస్తే తీసెయ్యడం ఒక్కటే చాలదు, అవతలివాడి దగ్గర స్క్రీన్‌షాట్ ఉండొచ్చు. తీసేసి వెంటనే కింద "పైన గుర్తు పొరపాటున పడింది, ఇంకా ఒప్పుకోలేదు" అని రాయండి. ఆ మెసేజ్ సమయమే మీకు సాక్ష్యం.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి ఒక మాట: ఎమిరేట్స్‌లో ఆన్‌లైన్‌లో దూషించడం సైబర్ చట్టం కింద నేరం. మధ్యవేలు బొమ్మ 🖕 సరదాకి కూడా వద్దు.

సిద్దిపేట_సిల్కు

స్టేటస్ సంగతి నేను చెప్త. వాట్సాప్ స్టేటస్ చూస్తుంటె పైకి జరిపితే ఎనిమిది బొమ్మలు వస్తయి. అండ్ల ఒకటి తాకితే సీదా ఆళ్ళ చాట్ల మెసేజ్ లెక్క పోతది. వచ్చే స్టేటస్ చూద్దమని వేలు జరుపుతుంటె తాకుతది. చాట్ తెరిచి నొక్కిపట్టి మామూలు మెసేజ్ లెక్కనే డిలీట్ కొట్టాలె. కింద మూలకు ఉండే గుండె గుర్తు వేరు. అది 2024ల వచ్చింది, చాట్ల పడదు గని స్టేటస్ పెట్టినోళ్ళకు చూసినోళ్ళ లిస్టుల మీ పేరు పక్కన గుండె కనబడ్తది. మళ్ళ నొక్కితే పోతది.

ఫేస్‌బుక్ల గూడ జాగ్రత్త. లైక్ మీద వేలు పట్టి పక్కకు జరిపేటప్పుడు వరస గిట్ల: లైక్, లవ్, కేర్, హాహా, వావ్, సాడ్, యాంగ్రీ. సాడ్ దాకా పోవాలంటె హాహా మీదికెల్లే పోవాలె. నడుమల వేలు లేసిందా, పోయిన మనిషి ఫొటో కింద నవ్వినట్టు. జరపకుండ, వరస వచ్చినంక వేలు తీసి, సాడ్ మీద సపరేటుగ నొక్కాలె.

గోరింట_పొద

బొమ్మ సరైనదే, చాట్ తప్పు అయితే? ఇంట్లోవాళ్ళకి పెట్టాల్సిన 😘 ఆఫీసు మేనేజర్‌కి పోవడం లాంటివి.

మెత్తటి_వేలు

ఎక్కువసార్లు కారణం ఒకటే. చాట్ జాబితాలో కొత్త మెసేజ్ వచ్చినవాళ్ళు పైకి ఎక్కుతారు. మీరు రెండో పేరు మీద వేలు దించే క్షణంలోనే ఎవరో మెసేజ్ పెట్టారు, జాబితా ఒక గడి కిందకి జరిగింది, మీ వేలు వేరే పేరు మీద దిగింది. రోజూ ముద్దు బొమ్మలు వెళ్ళే చాట్‌ని పిన్ చెయ్యండి. పిన్ చేసినవి పైనే కదలకుండా ఉంటాయి. పై మూడు గడులూ ఇంటివాళ్ళవైతే మేనేజర్ అక్కడికి ఎక్కలేడు.

కంప్యూటర్‌లో వాట్సాప్ వాడితే ఇంకో రకం: కోలన్ కొట్టి అక్షరాలు టైప్ చేస్తే ఎమోజీ సూచనలు వస్తాయి, ఎంటర్ కొడితే మొదటిది ఎక్కుతుంది, రెండో ఎంటర్‌కి వెళ్ళిపోతుంది. వేగంగా రెండు ఎంటర్లు కొట్టే అలవాటున్నవాళ్ళు చూసి కొట్టాలి. అవుట్‌లుక్ మెయిల్‌లో కోలన్, బ్రాకెట్ కలిపి కొడితే నవ్వు మొహం అవుతుంది, అది వింగ్‌డింగ్స్ ఫాంట్‌లో "జె" అన్న ఇంగ్లీషు అక్షరం. ఆ ఫాంట్ లేనిచోట చదివేవాళ్ళకి వాక్యం చివర ఒంటరి "జె" కనిపిస్తుంది. ఎవరీ జె అని బుర్ర బద్దలుకొట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కాకినాడ_కాజా

క్షమాపణ సంగతి మిగిలిపోయిందండి.

ఆ ఇంటివాళ్ళు చూసేశారని "ఇన్ఫో"లో తెలిస్తే ముందు బొమ్మ మార్చి, తర్వాత గ్రూపులో ఒకే ఒక్క వాక్యం: "పొరపాటున వేరే గుర్తు పడింది, క్షమించండి బాబాయ్." అక్కడితో ఆపాలి. కొత్త ఫోను, మనవడు నొక్కాడు, కళ్ళజోడు లేదు అంటూ పేరా రాస్తే చూడనివాళ్ళు కూడా పైకి వెళ్ళి వెతుకుతారు. దగ్గర బంధువైతే గ్రూపులో అదీ వద్దు, ఫోన్ చెయ్యండి. పరామర్శకి ఎలాగూ చెయ్యాలి కదా, అందులోనే ఒక మాట అనేస్తే సరి.

తప్పు పెట్టింది పెద్దవాళ్ళయితే గ్రూపులో దిద్దకండి. "అత్తయ్యా అది నవ్వు బొమ్మ 😂😂" అని కింద రాసే మేనల్లుళ్ళు ప్రతి గ్రూపులోనూ తయారు, వాళ్ళది రెండో తప్పు. ఫోన్ చేసి "అత్తయ్యా, ఆ బొమ్మ చూడ్డానికి ఏడుస్తున్నట్టే ఉంటుంది గానీ నవ్వుదట, నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నా, మారుద్దామా" అనండి. మొన్నటిదాకా అనుకోకపోయినా సరే, అనండి.

సిద్దిపేట_సిల్కు

అబద్ధం ఎందుకు చెప్పుడు? సక్కగ చెప్తే అర్థం జేసుకుంటరు పెద్దోళ్ళు.

కాకినాడ_కాజా

అర్థం చేసుకుంటారండి. ఆ తర్వాత గ్రూపులో ఏదీ పెట్టడం మానేస్తారు.

పాత_నోకియా

ఈ గొడవంతా లేకుండా "ఓం శాంతి 🙏" మొత్తం ఒక్క దెబ్బకి వచ్చే ఏర్పాటు ఏదైనా ఉందా? బొమ్మల పలక తెరిచే పనే ఉండకూడదు.

మెత్తటి_వేలు

ఉంది. జీబోర్డ్ సెట్టింగ్స్, డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, మీరు టైప్ చేసే భాష, పైన ప్లస్. మొదటి పెట్టెలో రావాల్సింది మొత్తం, అంటే "ఓం శాంతి 🙏". రెండో పెట్టెలో దానికి సంకేతం. ఇక ఆ సంకేతం టైప్ చెయ్యగానే కీబోర్డు పైన సూచనగా మొత్తం వాక్యం వస్తుంది, తాకితే ఎక్కుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, టెక్స్ట్ రీప్లేస్‌మెంట్. తేడా ఏమిటంటే అక్కడ సంకేతం కొట్టి ఖాళీ మీట నొక్కగానే తాకకుండానే దానంతటదే మారిపోతుంది.

పాత_నోకియా

సంకేతంగా "ఓం" అని పెట్టుకోవచ్చా?

మెత్తటి_వేలు

వద్దు. శివరాత్రికి "ఓం నమశ్శివాయ" మొదలుపెట్టగానే సంతాపం ఎదురవుతుంది. మామూలు మాటల్లో ఎక్కడా రానిది పెట్టండి, "శాశా" లాంటిది.